బానెట్ అంచున బారెడు రబ్బరు

ఏప్రిల్ దాటిందంటే వనపర్తి జిల్లా వీపనగండ్ల మండలంలో మిట్టమధ్యాహ్నం ఇనుప గేటు ముట్టుకోలేరు. పెరట్లో వేపచెట్టు కింద నిలబెట్టిన పాత అంబాసిడర్ సంగతీ అంతే. నీడ జరిగి ఎండ మీద పడితే దాని బానెట్ పెనంలా కాలుతుంది. గుడ్డ అడ్డం పెట్టుకుని ఆ బానెట్ ఎత్తి, ముందు అద్దం వైపు అంచున ఇంజను గదికి గట్టు కట్టినట్టు సాగే నల్లటి పట్టీని బొటనవేలితో నొక్కి చూడాలి. ప్రాణమున్న రబ్బరైతే లోపలికి నొక్కుకుపోయి, వేలు తీయగానే తిరిగి లేస్తుంది. చచ్చిన రబ్బరైతే గోటి గుర్తు అలాగే నిలిచిపోతుంది. మరీ ముదిరినదైతే ఎండిన చెరువు అడుగులా పగుళ్లు తేలి, వేలికి మసి అంటుతుంది.

షెడ్డుల్లో దీన్ని బీడింగ్ అంటారు. తలుపుల చుట్టూ ఉండేది డోర్ బీడింగ్, డిక్కీ చుట్టూ ఉండేది డిక్కీ బీడింగ్, ఇది బానెట్ బీడింగ్. కారు ముందు మూతను అమెరికావాళ్లు హుడ్ అంటారు కానీ మనకు ఇంగ్లండు నుంచి వచ్చిన బానెట్ అనే మాటే స్థిరపడింది. పాత కారును ముచ్చటపడి బాగుచేయించే మనిషి ఇంజనుకు ఖర్చు పెడతాడు, పెయింటుకు పెడతాడు, సీట్లకూ క్రోమ్ బంపర్లకూ వెనకాడడు. ఈ బారెడు రబ్బరు దగ్గరికి వచ్చేసరికి "తర్వాత చూద్దాంలే" అంటాడు. చాలా పాత కార్లు అక్కడే దెబ్బతింటున్నాయి.

ఇంతకీ అదేం చేస్తుంది? ముందు వాసన సంగతి చూద్దాం. కారు వేగంగా వెళ్తున్నప్పుడు ఎదురుగాలి వచ్చి ముందు అద్దం మొదట్లో కొట్టుకుంటుంది. అక్కడ గాలి ఒత్తిడి పెరుగుతుంది. అందుకే చాలా కార్లలో లోపలి మనుషులకు బయటి గాలి అందించే దారిని సరిగ్గా ఆ చోటే పెడతారు. బానెట్ వెనక అంచు దానికి జానెడు దూరంలో ఉంటుంది. మధ్యలో ఉన్న రబ్బరు పోతే ఇంజను గదిలోని పెట్రోలు ఆవిరి, కాలిన ఆయిలు పొగ, వేడిగాలి ఆ దారి పట్టుకుని నేరుగా మనిషి ముఖం మీదికి వస్తాయి. పాత కారులో ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ దగ్గర గాస్కెట్ కొద్దిగా కారుతుంటే ఆ పొగతోపాటు కార్బన్ మోనాక్సైడ్ కూడా వస్తుంది. దానికి రంగూ లేదు, వాసనా లేదు. వనపర్తిలో బయల్దేరి హైదరాబాదు చేరేసరికి తల దిమ్మెక్కితే అది ఎండ వల్లే అనుకుంటారు. పాత కారు నడిపేవాళ్లు ముందుగా అనుమానించవలసింది ఈ రబ్బరునూ, గాస్కెట్‌నూ.

ఇక్కడే ఒక మాట చెప్పాలి. ఇంజను వేడి బయటికి పోతుందని కొందరు కుర్రాళ్లు బానెట్ కీళ్ల కింద వాషర్లు పెట్టి వెనక అంచును పైకి లేపుతున్నారు. నిలబడ్డ కారులో వేడి పోయే మాట నిజమే. పరుగెత్తే కారులో మాత్రం అద్దం మొదట్లో ఒత్తిడి ఎక్కువ కాబట్టి గాలి బయటికి పోవడానికి బదులు వెనక్కి తన్నుతుంది. ఆ పని చేయకపోవడమే మేలు.

ఇక వాన. బానెట్ మీద పడ్డ నీళ్లూ, అద్దం మీంచి జారిన నీళ్లూ వెనక అంచు దగ్గర చేరతాయి. రబ్బరు బాగుంటే పక్కలకు పారి కిందికి పోతాయి. లేకపోతే ఇంజను మీదికి కారతాయి. పాత పెట్రోలు ఇంజన్లలో నిప్పురవ్వను పంచిపెట్టే డిస్ట్రిబ్యూటర్, దాని తీగలు, కాయిల్ తడికి తట్టుకోలేవు. వాన దంచుతున్న రాత్రి రోడ్డు మధ్యలో అంబాసిడర్ దగ్గి ఆగిపోతే, దిగి డిస్ట్రిబ్యూటర్ మూత విప్పి పొడిగుడ్డతో తుడిచిన డ్రైవర్లు పాలమూరులో ఎందరో! వానాకాలం కాకపోతే దుబ్బ ఉండనే ఉంది. వడ్ల ట్రాక్టరు వెనక మట్టిదారిలో పోయే కారు ఇంజను గదిలోకి చేరే మట్టి ఆయిలుతో కలిసి పేస్టులా పట్టేస్తుంది. చివరగా మోత. రేకు మీద రేకు తగిలి గతుకు గతుకుకూ డప్పులా మోగే బానెట్‌కు రబ్బరు ఒక్కటే మందు.

అంబాసిడర్‌నే ఉదాహరణగా తీసుకోవడానికి కారణముంది. 1956 నాటి ఇంగ్లండు కారు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ త్రీ నమూనాను తెచ్చి హిందుస్థాన్ మోటార్స్ వాళ్లు పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పాడాలో దాన్ని తయారుచేశారు. 1957లో మొదలైన ఆ బండి 2014 మే నెల దాకా కొనసాగింది. దాదాపు 57 ఏళ్లు, ఇంచుమించు ఒకే ఆకారం. మార్క్ టూ, మార్క్ త్రీ, మార్క్ ఫోర్, నోవా అని పేర్లు మారాయి, ముందు జాలీ మారింది, ఇంజన్లు మారాయి. ఆ గుండ్రటి బానెట్ ఒడ్డూ పొడవూ మాత్రం చూడగానే గుర్తుపట్టేలా నిలిచాయి. 2016 అక్టోబరులో వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూలు వేరే జిల్లాలు కాకముందు, అంతా మహబూబ్‌నగర్ జిల్లాగా ఉన్న రోజుల్లో కలెక్టరు కారు అదే, పెళ్లికొడుకు కారు అదే, అర్ధరాత్రి కాన్పుకు పట్నం పరుగెత్తిన కారూ అదే. బొంబాయిలో తయారైన ఫియట్‌ను, తర్వాత పేరు మారి ప్రీమియర్ పద్మిని అయిన ఆ చిన్న కారును, డాక్టర్లూ వకీళ్లూ ఎక్కువగా కొన్నారు. ముంబయి వీధుల్లో ఆ పద్మిని టాక్సీల చరిత్ర 2023 అక్టోబరుతో ముగిసింది. మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ మరో రకం. దాని బానెట్‌కు కీళ్లు ముందు వైపే ఉంటాయి. ఎత్తితే మడ్‌గార్డులతో సహా ముందు భాగమంతా మొసలి నోరులా అవతలికి వాలుతుంది. అలాంటి కారులో ఇంజను గదికీ మనుషుల గదికీ మధ్యనున్న గోడ అంచున కూర్చునే రబ్బరు ఇంకా ముఖ్యం, ఎందుకంటే అంత పెద్ద మూత దాని మీదే ఆనుతుంది.

తెలుగువాళ్లకు పాత బండి అంటే కార్లే కాదు. 1982లో పార్టీ పెట్టాక ఎన్.టి.రామారావు ఊరూరా తిరిగింది ఒక పాత షెవర్లే వ్యానును మార్పించి చేసిన చైతన్య రథం మీద. నడిపింది కొడుకు హరికృష్ణ. ఆ ఎండల్లో, ఆ మట్టిరోడ్ల మీద నెలల తరబడి పాత బండిని ఆగకుండా నడిపించడానికి దాని రేకుకూ రబ్బరుకూ తెర వెనక ఎంత చాకిరీ చేసి ఉంటారో పాత బండ్లు చూసుకునేవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

బానెట్‌కు రబ్బరు పట్టీ రాకముందు ఈ పని ఏది చేసేది? హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్తే 1912 నాటి పసుపు రంగు రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్ కనిపిస్తుంది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆర్డరిచ్చిన కారు అది. కారు చేతికి రాకముందే, 1911 ఆగస్టులో ఆయన చనిపోయారు. ఆ కాలపు కార్ల బానెట్ మధ్యలో కీలుతో, రెండు రెక్కలుగా పక్కలకు లేచేది. రేకు రేకుకు తగలకుండా రేడియేటరు అంచునా, వెనక గోడ అంచునా చిన్న రంధ్రాలు తొలిచి, వాటిలోంచి నేసిన నూలు పట్టీనో తోలు పట్టీనో బూటు లేసులా కుట్టుకుంటూ పోయేవారు. ప్రపంచమంతా పాత కార్ల వాళ్లు ఇప్పటికీ దీన్ని బానెట్ లేసింగ్ టేపు అంటారు. అది మోతను ఆపేది కానీ నీటినీ పొగనూ ఆపలేకపోయేది. వెనక కీలుతో ఒకే మూతగా లేచే బానెట్లు వచ్చాక రబ్బరు పట్టీ ఆ చోటు ఆక్రమించింది.

రబ్బరు ఎందుకు చస్తుందో తెలిస్తే కొత్తది కొనేటప్పుడు మోసపోరు. చెట్టు పాల నుంచి వచ్చే రబ్బరు వట్టిది ఎండకు జిగురవుతుంది, చలికి పెళుసవుతుంది. 1839లో అమెరికాలో ఛార్లెస్ గుడ్‌ఇయర్ దానికి గంధకం కలిపి కాస్తే గట్టిపడి, సాగి, తిరిగి తన రూపానికి వస్తుందని కనిపెట్టాడు. టైరూ ట్యూబూ, ఈ బీడింగూ అన్నీ ఆ పనిలోంచి పుట్టినవే. మన దగ్గర రంపచోడవరం, మారేడుమిల్లి ఏజెన్సీ కొండల్లోనూ రబ్బరు తోటలున్నాయి. కానీ ఈ సహజ రబ్బరుకు ఒక బలహీనత ఉంది. దాని అణువుల గొలుసుల్లో పొడుగునా జంట బంధాలుంటాయి. గాలిలో ఉండే ఓజోన్ అనే ఘాటు వాయువు ఆ జంట బంధాలను పట్టుకుని తెంపుతుంది. వాహనాల పొగ మీద ఎండ పడితే నేల దగ్గర ఓజోన్ పుడుతుంది. నిప్పురవ్వ ఎగిరే చోటా పుడుతుంది. అంటే డిస్ట్రిబ్యూటర్ మూత లోపలే రబ్బరు శత్రువు తయారవుతున్నదన్న మాట.

ఓజోన్ సాగదీసి ఉన్న రబ్బరు మీద ఎక్కువగా దాడి చేస్తుంది. వదులుగా ఉన్న రబ్బరు చాలాకాలం బతుకుతుంది. లాగి బిగించిన రబ్బరు మీద లాగిన దిక్కుకు అడ్డంగా సన్నటి చీలికలు మొదలై లోతుకు దిగుతాయి. పాత బీడింగ్‌ను వంపుల దగ్గర చూస్తే, బయటి వైపే పగిలి ఉంటుంది. కారణం ఇదే. పైగా వేడి తోడవుతుంది. వేడి ప్రతి 10 డిగ్రీలు పెరిగేకొద్దీ రబ్బరు ముదిరే వేగం సుమారు రెట్టింపవుతుందని ఒక మోటు లెక్క. మే నెలంతా ఎండలో నిలబెట్టిన కారు కదలకపోయినా దాని రబ్బరు వయసు పరుగెడుతూనే ఉంటుంది. "కారు తిప్పలేదు కదా, అన్నీ కొత్తగానే ఉంటాయి" అనుకోవడం పెద్ద పొరపాటు.

1960ల్లో ఈపీడీఎం అనే కృత్రిమ రబ్బరు బజారులోకి వచ్చింది. దాని ప్రధాన గొలుసులో జంట బంధాలుండవు కాబట్టి ఓజోన్‌కు పట్టు దొరకదు. ఎండనూ వాననూ ఏళ్ల తరబడి తట్టుకుంటుంది. ఇప్పటి కార్ల బీడింగులన్నీ దాదాపు దానితోనే చేస్తున్నారు. దానికీ ఒక గండం ఉంది, పెట్రోలూ డీజిలూ ఆయిలూ గ్రీజూ తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది. 1930ల్లో డ్యూపాంట్ కంపెనీ అమ్మకానికి తెచ్చిన నియోప్రీన్ ఎండావానలనూ ఆయిలునూ రెండింటినీ మధ్యస్తంగా ఓర్చుకుంటుంది. బానెట్ వెనక అంచుకు, ఎండా వానా తగిలే చోటుకు, ఈపీడీఎం స్పాంజి రకం మంచిది. కార్బ్యురేటర్ పక్కన, ఆయిలు చిమ్మే చోట నియోప్రీన్ తీసుకోవాలి. టైరు ట్యూబు చీల్చి అంటించే అలవాటు మాత్రం మానుకోవాలి, అది ఈ పనికి సరిపడదు.

కొనడానికి పెద్ద ఊళ్లకే పోనక్కర్లేదు. సీటు కవర్లు కుట్టే షాపుల్లో బీడింగ్ మీటరు లెక్కన దొరుకుతుంది. కోరిన ఆకారమే కావాలంటే హైదరాబాదు పుత్లీబౌలి, రాణీగంజ్ వీధులో, విజయవాడ జవహర్ ఆటోనగరో తిరగాలి. చేతిలో పాత రబ్బరు ముక్క లేకుండా మాత్రం వెళ్లకూడదు. మాటలతో చెబితే షాపువాడికి అర్థమయ్యేది వేరు, మనకు కావలసింది వేరు. స్పాంజి రకం కొనేటప్పుడు వేలెడు ముక్క కోసి గ్లాసు నీళ్లలో ముంచి పిసకాలి. బయటికి తీసి, పైన తుడిచి, మళ్లీ పిసికినప్పుడు నీళ్లు కారితే అది నీటిని తాగే రకం. అది బానెట్ కింద చేరితే తడిని పట్టుకుని రేకును తుప్పు పట్టిస్తుంది. దాని జోలికి పోవద్దు.

ఎంత మందం తీసుకోవాలన్నది అసలు చిక్కు. ఇక్కడ కంటి అంచనా పనికిరాదు. నాలుగు చపాతీ పిండి ముద్దలు చేసి, పల్చటి పాలిథిన్ కవరులో చుట్టి, పాత రబ్బరు తీసేసిన అంచు మీద అక్కడక్కడా పెట్టాలి. బానెట్‌ను మెల్లగా దించి లాక్ పడేదాకా మూసి, మళ్లీ ఎత్తాలి. ముద్దలు ఎంత మందానికి అణిగాయో స్కేలుతో కొలిస్తే అదే ఖాళీ. ఆ ఖాళీ 12 మిల్లీమీటర్లు ఉంటే 18 మిల్లీమీటర్ల ఎత్తున్న స్పాంజి రబ్బరు సరిపోతుంది. మూత పడినప్పుడు మూడో వంతు అణిగితే బిగుతుగానూ ఉంటుంది, తిరిగి లేచే శక్తీ మిగులుతుంది. ఒక పక్క ముద్ద 9 మిల్లీమీటర్లు, మరో పక్క 15 వస్తే లోపం రబ్బరుది కాదు. బానెట్ కీళ్లు పక్కకు ఒరిగాయి. కీళ్ల బోల్టులు వదులు చేసి, మూతను సరిచూసుకుని, మళ్లీ ముద్దలు పెట్టాలి. ఈ పని ఎగ్గొట్టి లావు రబ్బరు వేసి సరిపెట్టాలని చూడటం వల్లే సగం బానెట్లు వంకరపోతున్నాయి.

బిగించే తీరులు కారును బట్టి మారతాయి. కొన్నింటిలో జిగురుతో అంటిస్తారు. కొన్నింటిలో రేకు అంచును కరిచి పట్టుకునే, లోపల ఉక్కు పళ్లున్న రబ్బరు వస్తుంది. మరికొన్నింటిలో రబ్బరుకు ప్లాస్టిక్ క్లిప్పులుండి రేకు రంధ్రాల్లోకి టక్కున దిగుతాయి. ఏదైనా సరే, పాతది పీకే ముందు ఫోనుతో నాలుగు వైపులా ఫొటోలు తీయాలి. రబ్బరుకు బయటికి చాచి ఉండే పెదవి ఎటు తిరిగి ఉంది, చివరలు ఎక్కడ ఆగాయి, నీళ్లు పోవడానికి ఎక్కడ ఖాళీ వదిలారు, ఇవన్నీ ఫొటోలో ఉండాలి. తర్వాత జ్ఞాపకం మీద ఆధారపడితే పెదవి తలకిందులవుతుంది.

పాత జిగురు తీయడానికి ఓపిక కావాలి. తల ఆరబెట్టుకునే హెయిర్ డ్రయ్యరుతో వెచ్చబెడితే జిగురు మెత్తబడుతుంది. ప్లాస్టిక్ చెక్కతో మెల్లగా గీకాలి, ఉలితో కాదు. మిగిలిన మరక టర్పెంటైన్‌తో పోతుంది. థిన్నరు వాడితే పాత పెయింటు పొరలా లేచివస్తుంది, కాబట్టి కనపడని మూల ఒకటి చూసి పరీక్షించుకున్నాకే ముందుకు పోవాలి. జిగురు కింద తుప్పు దాగి ఉంటుంది. అది కనిపిస్తే అదృష్టమే అనుకోవాలి. ఎమరీ కాగితంతో రుద్ది, రెడ్ ఆక్సైడ్ పూసి, ఆరాక పైన రంగు వేసి, ఆ రంగు పూర్తిగా గట్టిపడ్డాకే రబ్బరు. తొందరపడి పచ్చి పెయింటు మీద అంటిస్తే రబ్బరుతోపాటు పెయింటూ ఊడి వస్తుంది. చివరగా సబ్బునీళ్లతో కడిగి, స్పిరిట్ గుడ్డతో తుడిచి, ఆరనివ్వాలి. ఆ తర్వాత ఆ చోటును వేలితో ముట్టకూడదు, వేలి జిడ్డు కూడా జిగురుకు అడ్డమే.

కారుకు కొత్త పెయింటు వేయిస్తున్నవాళ్లకు ఒక హెచ్చరిక. పెయింటు షెడ్డులో పాత బీడింగ్‌కు టేపు చుట్టి చుట్టుపక్కల రంగు కొడతారు. చూడటానికి బాగానే ఉంటుంది. ఏడాది తర్వాత రబ్బరు మారిస్తే దాని కింద పాత రంగు, అంచున గట్టులా కొత్త రంగు. రబ్బరు పీకాకే పెయింటు, పెయింటు గట్టిపడ్డాకే రబ్బరు. ఇందులో వెసులుబాటు లేదు.

ఇక అంటించడం. బజారులో దొరికే ఫెవిబాండ్, ఫెవికాల్ ఎస్.ఆర్. లాంటి రబ్బరు జిగుర్లు రేకుకూ రబ్బరుకూ రెండింటికీ పల్చగా పూయాలి. వెంటనే అతికించకూడదు. డబ్బా మీద రాసినంతసేపు ఆగి, వేలు పెడితే అంటీఅంటనట్టు ఉన్నప్పుడు నొక్కాలి. ఒకసారి పట్టిందంటే జరపడం కుదరదు. మన ఎండలకు ఈ జిగురు నిమిషాల్లో పైపొర కట్టేస్తుంది, అందుకే ఈ పని పొద్దున్నే, నీడలో చేయాలి. ముసురు పట్టిన రోజూ వద్దు.

అంచు సరిగ్గా నడిమధ్యలో సుద్దముక్కతో గీత పెట్టుకుని, అక్కడ మొదలుపెట్టి రెండు పక్కలకూ పోవాలి. ఇక్కడే చేతిని అదుపులో పెట్టుకోవాలి. రబ్బరు చేతిలో ఉంటే ఎవరికైనా కొంచెం లాగాలనిపిస్తుంది, లాగితే సాపుగా కూర్చున్నట్టు కనిపిస్తుంది. ఆ రోజుకు బాగానే ఉంటుంది. నెల తిరిగేసరికి రబ్బరు తన పాత పొడవుకు ముడుచుకుని, చివర్ల దగ్గర రెండు వేళ్ల సందు బయటపడుతుంది. సాగదీసిన చోట ఓజోన్ ఎలా పని చేస్తుందో ఇంతకుముందే చూశాం. అందుకే లాగకుండా, ఇంకా చెప్పాలంటే కొద్దిగా ముందుకు తోస్తున్నట్టుగా పేర్చుకుంటూ పోవాలి. చివర్లు అంగుళం ఎక్కువే ఉంచి, అంతా కూర్చున్నాక కోయాలి. మూల తిరిగే చోట రబ్బరు మడతపడితే లోపలి వైపు చిన్న త్రిభుజం కోసి తీస్తే అందంగా వంగుతుంది. అతుకు వేయక తప్పకపోతే మూల దగ్గర కాకుండా తిన్నగా ఉన్న చోట వేసి, రెండు కొసల్నీ ఫెవిక్విక్ చుక్కతో కలపాలి.

రేకును కరిచి పట్టుకునే రకానికి జిగురు అక్కర్లేదు. లోపల సబ్బునీళ్లు రాసి రబ్బరు సుత్తితో తట్టుకుంటూ పోతే పళ్లు పట్టేస్తాయి. గ్రీజు రాయకూడదు. క్లిప్పుల రకంలో పాత క్లిప్పులు సగం విరిగే ఉంటాయి, కాబట్టి కొత్తవి ముందే తెచ్చుకోవాలి. రంధ్రం చుట్టూ తుప్పు ఉంటే ముందు దాన్ని తేల్చాలి.

అంటించాక రబ్బరు మీద పల్చటి పాలిథిన్ పరిచి బానెట్‌ను మెల్లగా దించి రాత్రంతా ఉంచాలి. పాలిథిన్ లేకపోతే పొంగిన జిగురు బానెట్‌కు పట్టుకుని పొద్దున్నే కొత్త గొడవ. దించేటప్పుడు లాక్ పడకపోతే చేతులతో బలంగా మోదకూడదు. రబ్బరు ఎక్కువ మందమో, మూలల్లో ఉండే రబ్బరు బుడిపెలు ఎత్తుగా ఉన్నాయో చూసి సరిచేయాలి. చాలా కార్లలో ఆ బుడిపెల్ని స్క్రూలా తిప్పి ఎత్తు తగ్గించవచ్చు. సగం పడిన లాక్‌తో రోడ్డెక్కడం ప్రాణాంతకం. పెబ్బేరు దాటాక 44వ నంబరు జాతీయ రహదారి మీద ఎదురుగాలికి బానెట్ లేచి అద్దాన్ని కప్పేస్తే డ్రైవరుకు ముందేమీ కనపడదు. అందుకే కొత్త రబ్బరు వేశాక రెండో కొక్కెం, అంటే లాక్ తప్పినా మూతను పట్టి ఉంచే సేఫ్టీ క్యాచ్, పనిచేస్తున్నదో లేదో చేత్తో కదిలించి చూసుకోవాలి.

పని కుదిరిందా లేదా అన్నది తెల్లవారాక తేలుతుంది. రబ్బరు తలమీద సుద్దముక్క రుద్ది, బానెట్ మూసి తీస్తే దాని లోపలి వైపు తెల్లటి గీత పడుతుంది. గీత తెగకుండా ఈ కొస నుంచి ఆ కొస దాకా ఉంటే పని బాగా జరిగినట్టు. మధ్యలో మాయమైన చోట రబ్బరు తాకడం లేదు. అదే చోట వార్తాపత్రిక కాగితం పట్టీ పెట్టి మూసి లాగితే, సులువుగా జారి వస్తుంది. బాగా తాకిన చోట కాగితం బిగిసి, కష్టపడి వస్తుంది. చీకటి పడ్డాక ఇంజను గదిలో టార్చిలైటు వెలిగించి పెట్టి బానెట్ మూస్తే, వెనక అంచున సందున్న చోటల్లా వెలుగు తొంగి చూస్తుంది. ఊళ్లో వీధి దీపానికి దూరంగా చేస్తే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. చివరగా మగ్గుతో నీళ్లు పోసి చూడాలి, ప్రెషరు పైపుతో కాదు. వాన అలా పడదు.

తర్వాత దాన్ని చూసుకోవడం తేలిక. నెలకోసారి తడిగుడ్డతో దుమ్ము తుడిచి, ఏడాదికి రెండుసార్లు సిలికాన్ గ్రీజు పల్చగా రాస్తే చాలు. నల్లగా మెరుస్తుందని డీజిలు గుడ్డతో తుడవడం, కిరోసిన్ పూయడం మన దగ్గర పాత అలవాటు. ఆ మెరుపు రెండు రోజులే, దాని ఖరీదు రబ్బరు ప్రాణం. నెలల తరబడి కదలని కార్లకు ఎలుకలు మరో బెడద. కొట్టంలో వడ్ల బస్తాల పక్కన కారు పెట్టకుండా ఉంటే అదీ తగ్గుతుంది.

పాత కార్ల అసలు రూపాన్ని కాపాడాలన్న పట్టుదల ఇప్పుడు చట్టంలోనూ ఉంది. కేంద్రం 2021 జులైలో తెచ్చిన నియమాల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన కార్లనూ ద్విచక్ర వాహనాలనూ వింటేజ్ వాహనాలుగా నమోదు చేయించుకోవచ్చు. నంబరు ప్లేటు మీద వీ.ఏ. అక్షరాలుంటాయి. ఫీజు 20 వేల రూపాయలు, గడువు 10 ఏళ్లు. అయితే ఛాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మార్చకుండా అసలు రూపంలోనే ఉంచాలి. రోజువారీ తిరుగుడుకు ఆ బండిని వాడకూడదు, ప్రదర్శనలు, ర్యాలీలు, మరమ్మతుల లాంటి పనులకు మాత్రమే రోడ్డెక్కించాలి. 1975కు ముందు రిజిస్టరైన అంబాసిడర్లన్నీ ఈ వయసు దాటినవే. రబ్బరు మార్చడం మార్పు కిందికి రాదు కానీ, దొరికిన రబ్బరును పట్టి ఉంచడానికి బాడీకి కొత్త రంధ్రాలు తొలవడం, అంచు రేకు కోయడం మాత్రం అసలు రూపాన్ని చెరిపేస్తాయి. పైగా తొలిచిన రంధ్రం తుప్పుకు తలుపు తీసినట్టే.

మీ ఇంట్లోనో, మీ పెద్దనాన్న వాళ్ల కొట్టంలోనో అలాంటి కారు ఉంటే, ఈ మే నెల వెళ్లకముందే ఒక పొద్దున బానెట్ ఎత్తి బొటనవేలితో నొక్కి చూడండి. రబ్బరు మార్చాల్సి వస్తే పాతది అంతా చెత్తలో పారేయవద్దు. జానెడు ముక్క కోసి, కారు మోడలు, సంవత్సరం, ఖాళీ కొలత ఒక చీటీ మీద రాసి దానికి కట్టి, టూల్‌బాక్సులో పడేసి ఉంచండి. పదేళ్ల తర్వాత మళ్లీ ఆ షాపు మెట్లెక్కేవాళ్లకు నమూనాగా చూపించడానికి అది కావాలి.